కొమ్ము లేని పడవ

ప్రెస్ వెనక వీధి, మేడ మీది గది
ఫిబ్రవరి 6

బావగారికి,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెబుతాను. ఇరవయ్యో తేదీ ఆదివారం బడి ఉండదని పిచ్చుకని చేపల షాపుకి తీసుకువెళతానని మాటిచ్చాను. ఏ చేపల్ని కలిపి పెంచవచ్చో నాకు తెలియదు. తెలిసిన మనిషి నాకు మీరొక్కరే. లేకపోతే రాసేదాన్ని కాదు.

మా ప్రెస్‌లో పుస్తకాలు కుట్టే బైండరు గారు ఇల్లు మారుతూ ఖాళీ గాజు తొట్టి ఒకటి నాకిచ్చారు. రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. మోటారు, ఫిల్టరు, లైటు అన్నీ ఉన్నాయి. ఒక మూల సన్నటి గీత ఉంటే అడిగాను. "నా ముక్కైనా కారుతుంది గానీ అది కారదమ్మా" అన్నారు.

ఆ తొట్టి వెనకాలే పిచ్చుక మెట్లెక్కి పరిగెత్తింది. నా దగ్గరికి వచ్చిన ఈ ఎనిమిది నెలల్లో అది పరిగెత్తడం నేను చూడలేదు. కిటికీ పక్క బల్ల మీద పెట్టబోతుంటే "వద్దు పిన్నీ, ఎండ తగిలితే నాచు పడుతుంది" అంది. ఎవరు చెప్పారే అంటే తొట్టిని నీడలోకి జరిపింది. దానికి గోల్డ్ ఫిష్ కావాలట, ఫైటర్ కావాలట, ఏంజెల్ కావాలట. మూడూ కలిపి వేయొచ్చా అని అడిగితే, "నాన్నకే తెలుసు" అంది.

లైబ్రరీలో రెండు పుస్తకాలు చూశాను. ఒకదాంట్లో కలిసి ఉంటాయన్న చేపలు రెండోదాంట్లో ఉండవట. పుస్తకాన్ని నమ్మడమే అలవాటైన నాకు ఎటూ తోచలేదు.

పిల్ల బాగానే ఉంది. బడికి వెళుతోంది, తింటోంది. మీ మీద బెంగ తగ్గింది. మీరు చూడడానికి రావడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. చేపల సంగతి మాత్రం రాయండి.

పిచ్చుక పిన్ని


చేపల షాప, వెనక గది
ఫిబ్రవరి 11

పలకపిల్లకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. మొదటిసారి ఇది నాకు కాదేమో అనుకున్నా. బావగారట, మీరట. మా పెళ్ళయిన వారానికే "నీకు పందొమ్మిదో ఎక్కం వచ్చా బావా" అని నలుగురిలో నిలదీసిన పిల్లవి. సరే, కోపం మీద ఉన్న మనిషి ఎలా పిలిచినా పలకాలి.

నా రాత మీ అక్క నేర్పిందే. తప్పలుంటే దిద్దుకో. అచ్చు తప్పలు దిద్దడమే కదా నీ ఉద్యోగం.

ముందు ఒక మాట. ఇరవయ్యో తేదీన చేపలు కొనొద్దు. తొట్టి నింపి, మోటారు వేసి, మూడు వారాలు అలా వదిలెయ్. నీళ్ళు పాతబడాలి. చేపల్ని చంపేది మురికి నీళ్ళనుకుంటారు అందరూ. తళతళలాడే కొత్త నీళ్ళే ఎక్కువ చంపతాయి. పాతబడే కొద్దీ కంటికి కనబడని జీవాలు రాళ్ళల్లో ఇళ్ళు కట్టుకుంటాయి. చేపల మురికిని అవి తినేస్తాయి. ఖాళీ తొట్టి చూసి పిచ్చుక గొడవ చేస్తే, ఖాళీ కాదమ్మా, అద్దెకొచ్చినవాళ్ళు సామాను సర్దుకుంటున్నారని చెప్ప.

ఇక ఎవరికి ఎవరితో పడుతుందో. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నా, చేపల్లో మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ లేరు. పడేవాళ్ళు, పడనివాళ్ళు, అంతే. ఎవరికి ఏ నీళ్ళు కావాలి, ఎవరు ఏ అంతస్తులో తిరుగుతారు, ఎవరి నోరు ఎంత, అది చూసుకోవాలి. ఒకరి నోట్లో ఇంకొకరు పట్టేటట్టుంటే ఏదో ఒక రోజు పట్టించేస్తారు.

గోల్డ్ ఫిష్ వద్దు. అది చల్లటి నీళ్ళ మనిషి, తిండి ఎక్కువ, చెత్త ఇంకా ఎక్కువ. ఫైటర్ అసలే వద్దు. అద్దం చూపిస్తే అద్దంతో యుద్ధానికి దిగుతాడు. మా ఓనరు అచ్చం అంతే. సీసాలో ఒక్కడే ఉండాలి.

పిచ్చుక అడిగిన ఏంజెల్ ఒకటి తీసుకో. నడిమి నీళ్ళల్లో నెమ్మదిగా తిరుగుతుంది. కిందకి వేలాడే రెండు సన్నటి రెక్కలే దానికి చేతులు, వాటితో తడుముకుంటుంది. పైన ప్లాటీలు వెయ్. అడుగున కోరీలు వెయ్, ఇసకలో ముక్కు పెట్టి మిగిలిన మెతుకు ఏరుకుంటాయి, ఎవరి జోలికీ పోని జాతి. నియాన్లు మెరుస్తున్నాయని కొనొద్దు. ఏంజెల్ పెద్దదయ్యాక మింగుతుంది.

తెచ్చాక సంచి ముడి విప్పకుండా అరగంట తొట్టి నీళ్ళ మీద తేలనియ్. ఆ తరవాత తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా సంచిలో పోస్తూ ఉండు. నీళ్ళు ఎంత మంచివైనా ఒక్కసారిగా కుమ్మరిస్తే చేప తట్టుకోలేదు.

షాపవాడికి చూపించడానికి చీటీ విడిగా పెట్టా.

పిచ్చుక నిద్రలో దొర్లుతుంది. గోడవైప పడుకోబెట్టు. రావద్దన్నావ, రాను. అది బాగుంటే అదే చాలు.

బావ

(చీటీ)
ఏంజెల్ 1
ప్లాటీ 6
కోరీ 4
టైగర్ పడవ


మేడ మీది గది
మార్చి 13

బావగారికి,

మీరు చెప్పినట్టే మూడు వారాలు ఆగాం. రోజూ బడి నుంచి రాగానే సంచైనా దించకుండా తొట్టి ముందు నిలబడి "అద్దెవాళ్ళు ఇంకా సర్దుకుంటున్నారా?" అని అడిగేది పిచ్చుక. కిందటి ఆదివారం సర్దుకోవడం అయిపోయిందని అదే తేల్చేసింది. తీసుకువెళ్ళాను.

షాపాయన లావుపాటి మనిషి. మీ చీటీ దూరంగా పట్టుకుని చదివి పకపకా నవ్వాడు. "టైగర్ పడవేమిటమ్మా? పడవలు రేవులో ఉంటాయి. నా దగ్గర ఉత్త టైగరే ఉంది." పడవ అంటే పెద్ద రకమా అని అడిగాను. "ఆఁ, అదే అదే, ఇదిగో" అని పసుప్పచ్చ ఒంటి మీద నల్లటి పట్టీలున్న చురుకైన చేపల్ని చూపించాడు. చీటీలో దానికి మాత్రం మీరు లెక్క వేయలేదు. రెండు తీసుకున్నాను. ఉత్తరంలో 'తప్పు'కీ 'చెప్పు'కీ 'షాపు'కీ కూడా కొమ్ములు లేవు. చదువుకుంటూ నేనే పెట్టుకున్నాను.

సంచి అరగంట తేలనిచ్చాం. పిచ్చుక గడియారం ముందు కూర్చుని నిమిషాలు చెప్పింది. ప్లాటీలకి పేర్లు పెట్టింది, కోరీలకి పెట్టింది. ఏంజెల్‌కి పెట్టలేదు. దాన్ని "ఆవిడ" అంటుంది. "ఆవిడ లేచింది", "ఆవిడ ఇవాళ సరిగా తినలేదు." ఎవరే ఆవిడ అంటే ఆవిడే అంటుంది.

మీ టైగర్లు ఎప్పుడూ ఆవిడ వెనకాలే తిరుగుతున్నాయి. ఆ పొడుగాటి రెక్కల చివర్లు నోటితో పట్టుకుంటున్నాయి. "పిన్నీ, కొరుకుతున్నాయి" అంది పిచ్చుక. "కొరకడం కాదే, ముద్దు పెట్టుకుంటున్నాయి. మీ నాన్న చెప్పిన చేపలేగా" అన్నాను. అది నా వంక చూసి, మళ్ళీ తొట్టి వైపు తిరిగింది.

ఒక మాట చెప్పాలి. పిల్ల ఇప్పుడు మిమ్మల్ని అడగడం మానేసింది. ఇక్కడ కుదురుకుంది. ఇలాంటప్పుడు మీరు వస్తే మానిన పుండు మళ్ళీ రేగుతుంది. ఇంకొన్నాళ్ళు రాకపోవడమే దానికి మంచిదని నా నమ్మకం.

పిచ్చుక పిన్ని


చేపల షాప
మార్చి 17

పలకా,

ముందు ఆ రెండు టైగర్లనీ తీసి ఏదైనా గిన్నెలో వెయ్. ఆ తరవాత మిగతాది చదువ.

పడవ అనే చేప ఎక్కడా లేదు. టైగర్‌కీ ఏంజెల్‌కీ పడదు. చీటీ ఆఖర్న నేను రాసింది అదే. షాపవాడు అంటగడతాడేమో, కొనొద్దని రాశా.

అది ముద్దు పెట్టుకోవడం కాదు. పీక్కు తినడం. రెండే కొన్నావ, అది ఇంకా ఘోరం. గుంపలో ఉంటే వాటిల్లో అవే తన్నుకుంటాయి. రెండే ఉంటే పక్కవాళ్ళ మీద పడతాయి.

మీ ప్రెస్‌కి ఫోను చేశా. ఎవరో ఎత్తి మిషన్ల మోతలో "ఎవరు? ఎన్నో పేజీ?" అని అరిచి పెట్టేశాడు. మళ్ళీ చేశా. మళ్ళీ పేజీయే అడిగాడు.

పిల్ల చెప్పింది విను. అది ఈ షాపలో నా కాళ్ళ మధ్య పెరిగింది. దానికి తెలుసు.

బావ


మేడ మీది గది
మార్చి 23

బావా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఆవిడ మొన్న పోయింది.

చివరి మూడు రోజులూ ఫిల్టరు వెనక మూలకి చేరి కదలలేదు. ఆ రెండు చేతుల్లాంటి రెక్కలూ మొదళ్ళ దాకా పోయాయి. తడుముకోవడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున లేచేసరికి పక్కకి ఒరిగి ఉంది. పిచ్చుక ఏడవలేదు. "కాగితం ఇవ్వు పిన్నీ" అంది. బల్ల మీద ప్రూఫు కాగితం ఉంటే ఇచ్చాను. ఎర్ర సిరా గీతలు చూసి "తప్పులున్నది వద్దు, మంచిది ఇవ్వు" అంది. మంచి కాగితంలో చుట్టి, కింద అరుగు పక్కన మట్టిలో పెట్టాం. బైండరు గారు తన పదునైన కత్తితో గుంట తవ్విపెట్టారు. ఒక్క జోకూ వేయలేదు.

టైగర్లని షాపాయనకి తిరిగి ఇచ్చేశాను. "మీరు అడిగారనే ఇచ్చానమ్మా" అన్నాడు. నిజమే, అడిగింది నేనే.

నీ చీటీ ముందు పెట్టుకుని రాత్రంతా కాదు గానీ చాలాసేపే కూర్చున్నాను. టైగర్, పడవ. పడవు. టైగర్ పడవు. 'వ' కింద ఒక్క కొమ్ము లేదు, అంతే. ప్రూఫులు దిద్దేవాళ్ళకి తెలిసిన సంగతే ఇది. తప్పు తప్పులా కనిపిస్తే ఎవరైనా పట్టుకుంటారు. తప్పు పోయి ఇంకో మంచి మాటలా తయారైతే కన్ను దాని మీద నుంచి జారిపోతుంది. 'తప్ప'కీ 'చెప్ప'కీ కొమ్ములు పెట్టుకున్న నేను 'పడవ'ని మాత్రం పడవగానే చదివాను. కొమ్ములు లేవని నీకు వెక్కిరింతగా రాశాను కూడా.

నీకు ఆ కొమ్ములు ఎందుకు రావో తెలుసా? అక్కకి రావు కాబట్టి. అక్కకి ఎందుకు రావో తెలుసా? నాకు ఆరేళ్ళు, దానికి పదమూడు. నేను బడికి, అది పనికి. సాయంత్రం అది గిన్నెలు తోముతుంటే పక్కన పలక పెట్టి ఆ రోజు బళ్ళో నేర్చింది దానికి నేర్పేదాన్ని. క కొమ్ము కు, గ కొమ్ము గు, అన్నీ పక్కనే పెట్టాలి. 'ప' దగ్గరా 'వ' దగ్గరా మాత్రం కొమ్ము కిందకి దింపాలి, లేకపోతే వేరే అక్షరం అయిపోతుంది. నాకది అర్థం కాలేదు. "వీటికి కొమ్ములుండవే" అని చెప్పేశాను. రెండో తరగతిలో నాకు తెలిసింది. వెనక్కి వెళ్ళి దానికి చెప్పాలని తోచలేదు. అది అలాగే నేర్చుకుంది, అలాగే నీకు నేర్పింది. "నాలుగక్షరాలు వచ్చేసరికి దీనికి కొమ్ములొచ్చాయి" అని ఇంట్లో అందరూ నన్ను అనేవాళ్ళు. నిజమే బావా. కొమ్ములన్నీ నేనే పెట్టుకున్నాను, దానికి ఒక్కటీ ఇవ్వలేదు.

ఇంకొకటి. అక్క పోయిన మర్నాడు నువ్వు రాగానే అందరి ముందూ నేను నీ మొహాన ఒక మాట అన్నాను. "చేపల సంచుల్లో గాలి నింపడానికి పోయావు, మా అక్కకి గాలి అందలేదు" అని. నువ్వు తల వంచుకుని ఊరుకున్నావు. ఒక్క మాటయినా ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేకే ఊరుకున్నావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చీటీ తప్పు చదివాక, ఇంకేమి తప్పు చదివానో అని భయమేస్తోంది. ఉబ్బసం మనిషిని వదిలి ఆ రోజు ఎందుకు వెళ్ళావు? ఒక్కసారి చెప్పు.

పలక


చేపల షాపు, వెనక గది
ఏప్రిల్ 2

పలకా,

ఈసారి కొమ్ములన్నీ పెట్టా. మా షాపు బోర్డు మీద 'పు' ఎలా దింపాడో బయటికి వెళ్ళి చూసి వచ్చి రాశా. ఓనరు చూసి "ఇరవై ఏళ్ళ తరవాత షాపు పేరు చదువుతున్నావా" అన్నాడు. ఎక్కడైనా కొమ్ము ఎక్కువైతే తీసెయ్.

ఆవిడ పోయిందంటే బాధగా ఉంది. కానీ నీ మీద వేసుకోకు. చీటీ రాసింది నేను, అమ్మింది వాడు, కొరికింది అవి. చేపల పనిలో ఉన్నవాడు చేపల్ని చంపకుండా నేర్చుకోలేడు. ఎన్ని చంపితే ఇవి నేర్చుకున్నానో నీకు చెప్పలేను.

అడిగావు కాబట్టి చెబుతున్నా. అడగకపోతే నాతోనే పోయేది.

ఆ సోమవారం మీ అక్కకి ఆయాసం వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే, కొంచెం ఎక్కువ. చేపల లోడుతో వెళ్ళాల్సిన రోజు. వెళ్ళనన్నాను. వెళితే చెల్లెల్ని పిలిపించి వెళతానన్నాను. అంతే, మంచం మీద లేచి కూర్చుంది. "దాని ఆఖరి పరీక్ష బుధవారం. దానికి కబురు పంపావంటే పరీక్ష మానేసి పరిగెత్తుకొస్తుంది. మన ఇంట్లో దానికొక్కదానికైనా కొమ్ములు రానీ" అంది. నవ్వింది కూడా. పిచ్చుక మీద ఒట్టు వేయించుకుంది. పక్కింటావిడకి చెప్పి వెళ్ళా. బుధవారం నువ్వు పరీక్ష హాల్లో ఉన్న వేళకే అది పోయింది. నేను గురువారం వచ్చా.

నువ్వు ఆ మాట అన్నప్పుడు నీ చేతిలో ఇంకా హాల్ టికెట్ ఉంది. అప్పుడు నేను నోరు తెరిస్తే నీ డిగ్రీ కాగితం నువ్వు జన్మలో చూసుకోలేవు. అందుకే ఊరుకున్నా. నీకు పడని మాట నా మీదే పడనీ అనుకున్నా. ఇప్పుడు చెప్పొచ్చో లేదో తెలియదు. నీ తప్పు నువ్వే రాసి పంపావు. పెద్దదానివయ్యావు అనిపించింది.

ఇంకో కబురు. ఓనరు షాపు ఎత్తేస్తున్నాడు. నాకు దూరంగా, సముద్రం పక్కన, చేప పిల్లల్ని పెంచే కేంద్రంలో పని దొరికింది. లోడ్లతో తిరిగే పని కాదు, ఒక్కచోటే. రెండు గదుల ఇల్లు ఇస్తారు. గేటు ఎదురుగానే బడి. నెలాఖరుకి చేరమన్నారు. అక్కణ్ణించి రావడం పోవడం ఏడాదికి ఒకసారైతే గొప్ప.

పిచ్చుకని అడుగుదామని ఒక ఉత్తరం రాసి చింపేశా. అది కుదురుకుంది, నన్ను అడగడం మానేసింది అన్నావు. కుదురుకున్న చేపని తొట్టి మార్చకూడదు, అది నా పనిలో మొదటి పాఠం. నీ దగ్గరే ఉండనీ. నీ దగ్గరుంటే చదువుకుంటుంది. నేను వచ్చి చూసి వెళదామా అనుకున్నా, చూస్తే వెళ్ళలేను. అందుకని రాకుండానే వెళతా.

కోరీలు నాలుగూ ఉన్నాయా? అవి గట్టివి. వాటిని చూసుకోమను.

బావ


మేడ మీది గది
ఏప్రిల్ 8

బావా,

నెలాఖరుకి నువ్వు వెళ్ళిపోతావు. ఆ లోపల ఈ ఉత్తరం నీ చేతికి అందకపోతే నేను ఇంకెప్పటికీ మనిషిలా తలెత్తి పిచ్చుక మొహం చూడలేను. అందుకని రాస్తున్నాను.

పిచ్చుక నిన్ను అడగడం మానలేదు.

ఒక్క రోజు కూడా మానలేదు. సాయంత్రం తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ అడుగుతుంది, "నాన్న ఉత్తరం వచ్చిందా?" వచ్చిన రోజు చేపల సంగతులు మాత్రం చదివి వినిపించాను. గోడవైపు పడుకోబెట్టమన్నది చదవలేదు. గోడవైపు పడుకోబెట్టాను, కానీ ఎవరు చెప్పారో చెప్పలేదు. ఆవిడ పోయిన రోజు మట్టి కప్పాక అది అన్న మాట కూడా నీకు రాయలేదు. "నాన్న ఉంటే చూడగానే చెప్పేవాడు" అంది. అంతే అంది.

బెంగ తగ్గిందని నేను రాసింది అబద్ధం. కుదురుకుందన్నది అబద్ధం. మానిన పుండు అన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. ఎందుకు రాశానో నీకు రాయకుండా తప్పించుకోలేను. అక్క పోయాక ఆ ఇంట్లోంచి నేను తెచ్చుకున్నది దీన్నొక్కదాన్నే. అది నిద్రలో దొర్లి నా వీపుకి ఆనుకుంటుంది, అక్కలాగే. నువ్వు వస్తే నీతో వచ్చేస్తుందని తెలుసు. నువ్వు తప్పు చేసినవాడివి కాబట్టి దీన్ని ఉంచుకునే హక్కు నాదని నాకు నేనే చెప్పుకున్నాను. నీ ఉత్తరంతో ఆ హక్కు కాస్తా పోయింది. నిజానికి అది ఎప్పుడూ లేదు.

నా కోసం అక్క నీతో ఒట్టు వేయించుకుందని చదివి, డిగ్రీ కాగితం తీసి చూశాను. చూడలేనని నువ్వు అనుకున్నావు. చూశాను బావా. దాని మీద నా పేరు ఒక్కటే ఉంది. అచ్చు తప్పు.

ఈ కవరులో ఇంకో నాలుగు కాగితాలున్నాయి. పోస్టు చేయమని పిచ్చుక నాకిచ్చిన ఉత్తరాలు. నా నిఘంటువు మధ్యలో పెట్టి ఉంచాను. పోస్టు చేశానని దానికి చెప్పాను. నీకు దూరంగా ఉంచడం కోసం ఇంత చదువుకున్న మనిషి చేసిన పని ఇది. నువ్వు నాలుగింటికీ జవాబు రాయలేదని అది ఇప్పటిదాకా నిన్ను ఒక్క మాట అనలేదు. ఎదురు చెప్పకపోవడం దానికి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

ఆఖరిది మాత్రం ఇక్కడ ఎత్తి రాస్తాను, కవరు తడిసి అక్షరాలు చెరిగినా నీకు అందాలి.

"నాన్నా నువ్వ ఎప్పడు వస్తావ. నేను అల్లరి చెయ్యడం లేదు. పిన్ని మంచిది. ఆవిడ పోయింది గాని నీళ్ళు పాతబడ్డాయి. ఇప్పడు రావచ్చు."

చూశావా? దానికీ కొమ్ములు లేవు. బళ్ళో నేర్పుతున్నా ఇంకా అమ్మ రాతే రాస్తోంది. ఎర్ర సిరా నా చేతిలోనే ఉంది. ఒక్కటీ దిద్దలేదు. దిద్దితే అక్క చేతిరాత పోతుంది.

ఇప్పుడు నా మాట విను. కుదురుకున్న చేపని తొట్టి మార్చకూడదన్నావు. ఇది కుదురుకున్న చేప కాదు. ముడి కట్టిన సంచిలో తేలుతున్న చేప. పది నెలలయింది, దానికి లోపల గాలి ఎంత మిగిలి ఉందో నాకు భయంగా ఉంది. కానీ నువ్వే చెప్పావు, ఒక్కసారిగా కుమ్మరించకూడదని. అందుకని బడి సెలవులు ఇవ్వగానే నేనే తీసుకొస్తాను. నువ్వు కొత్త ఇంట్లో చేరిన రోజే మేమూ చేరతాం. పది రోజులు ఉంటాను. దాని మంచం ఏ గోడవైపు ఉండాలో చూస్తాను, గేటు ఎదురు బళ్ళో పంతులమ్మతో మాట్లాడతాను. పదకొండో రోజున ఒక్కదాన్నే తిరిగొస్తాను. అప్పుడు ఏడవనని నీకు మాటివ్వలేను, పిచ్చుక ముందు మాత్రం ఏడవను. సెలవుల్లో అది ఇక్కడికి వస్తుందని మాటిస్తే చాలు.

ఇవన్నీ దానికింకా చెప్పలేదు. నీ జవాబు వచ్చాక ఆ జవాబు మొత్తం, ఒక్క అక్షరం దాచకుండా, దానికి చదివి వినిపిస్తాను.

కోరీలు నాలుగూ ఉన్నాయి. ప్లాటీలు ఆరూ ఉన్నాయి. నడిమి నీళ్ళు మాత్రం ఖాళీ. కొత్త ఏంజెల్ కొందామా అని అడిగితే పిచ్చుక వద్దంది. "ఆవిడ చోటు ఆవిడదే" అంది. అది నీ దగ్గరికి వచ్చేశాక తొట్టి నా దగ్గరే ఉంటుంది. తగ్గిన నీళ్ళు పోస్తూ ఉంటాను, పాతవిగానే ఉంచుతాను.

ప్రెస్‌లో సెలవుకి ఇరవై మూడున కాగితం ఇవ్వాలి. కాబట్టి ఇరవై రెండో తేదీలోగా నీ జవాబు నాకు అందాలి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, "నువ్వు తీసుకురా" అని రాస్తే చాలు. కంగారులో 'నువ్వ' అని రాసినా ఫరవాలేదు బావా, ఈసారి సరిగ్గానే చదువుతాను.

పలక